నాయన జైల్లో ఉంటే పిల్లకాయల కూడు ఎవరి బాధ్యత?

మా తీరంలో ఒక మనిషిని పోలీసులు తీసుకుపోతే ఊళ్ళో రెండు ప్రశ్నలు పుడతాయి. ఒకటి, "కేసు ఎవరు పెట్టిచ్చారు?" రెండోది, "బెయిలు ఎప్పుడు వస్తాది?" రచ్చబండ కాడ, టీ అంగడి కాడ ఈ రెండింటి మీదే మాటలు నడుస్తాయి. మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని ఎవరూ అడగరు. ఆ ఇంట్లో పిల్లకాయలు ఈ రాత్రికి ఏం తింటారు?

వాకాడు మండలంలో తూపిలిపాలెం, దుగరాజపట్నం వైపు వేట మీద బతికే ఇళ్ళున్నాయి. ఇటు లోపలికి వస్తే కూలి మీద, రొయ్యల గుంటల కాపలా మీద బతికే యానాది కాలనీలున్నాయి. ఈ ఇళ్ళల్లో నెలజీతం అనే మాట లేదు. ఈరోజు పనికి పోతే ఈరోజు కూడు. అట్టాంటి ఇంట్లో సంపాదించే మనిషి సారా కేసులోనో, ఎవరిదో గంజాయి మూట మోసిన కేసులోనో, గట్టు తగాదాలోనో లోపలికి పోతే, శిక్ష ఆ మర్నాడే మొదలవుతుంది. ఆయనకు కాదు. కేసు తేలేదాకా ఆయన నిందితుడే, జైల్లో ఆయనకు వేళకు తిండి పెడతారు. శిక్ష పడేది పిల్లకాయలకు. వాళ్ళ మీద ఏ కేసూ లేదు, వాళ్ళకు బెయిలూ లేదు.

మరి చట్టం ఏమంటోంది? జైలుకు పోయిన తల్లికో తండ్రికో బిడ్డల్ని సాకే బాధ్యత ఉందా, పోయిందా?

బాధ్యత పోదు, కానీ...

నేను లాయర్ని కాదు. చదివి, అడిగి, కోర్టుల చుట్టూ తిరిగి తెలుసుకున్నదే చెప్తున్నా. పాత నేర విచారణ చట్టంలో 125వ సెక్షన్ ఉండేది. మనోవర్తి కేసు, మెయింటెనెన్స్ కేసు అని మనం అనేది దాన్నే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. దాంట్లో అదే 144వ సెక్షన్ అయింది. స్తోమత ఉండి కూడా భార్యను, బిడ్డలను, ముసలి తల్లిదండ్రులను సాకని మనిషి నెలనెలా ఇంత ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆర్డరు వేయొచ్చు. పెళ్ళి అయి పుట్టిన బిడ్డయినా, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డయినా హక్కు ఒకటే. జైలుకు పోతే ఈ బాధ్యత రద్దవుతుందని చట్టంలో ఎక్కడా లేదు.

కోర్టులు కూడా ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి. ఒళ్ళు బాగున్న మగవాడు కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాల్సిందేనని 2022లో అంజూ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనోవర్తిని అర్జీ పెట్టుకున్న తేదీ నుంచే లెక్కగట్టి ఇప్పించాలని 2020 నవంబరులో రజ్నేశ్ కేసులో చెప్పింది. రెండూ మంచి తీర్పులే. ఉద్యోగం మానేసి "నా కాడ ఏమీ లేదు" అని చేతులు తిప్పే మొగుళ్ళకు అవి సరైన జవాబు.

కానీ చట్టంలో ఒక మాట చూడండి. "స్తోమత." లోపల ఉన్న మనిషికి ఒళ్ళు బాగానే ఉంది. ఆ ఒళ్ళు గోడల మధ్య ఉంది. కూలికి పోదామన్నా పోలేడు. అప్పుడు ఆర్డరు కాగితం మీద బాకీ నెలనెలా పెరుగుతా ఉంటుంది, ఇంట్లో మాత్రం పొయ్యి వెలగదు. బాధ్యత ఉందా అంటే ఉంది. డబ్బులు వస్తాయా అంటే రావు. అసలు చిక్కంతా ఈడ ఉంది.

లోపల సంపాదన ఎంత?

జైల్లో పని చేస్తే కూలి ఇస్తారు గదా అంటారు కొందరు. ఇస్తారు, అందరికీ కాదు. 2022 డిసెంబరు ఆఖరుకు దేశం మొత్తం జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. అందులో 4,34,302 మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్ళు. అంటే నూటికి 75 మందికి పైగా నేరం రుజువు కాకుండానే లోపల ఉండారు. కఠిన కారాగార శిక్ష పడినవాళ్ళకే జైల్లో పని తప్పనిసరి. విచారణ ఖైదీకి పని చేయాలన్న నిబంధన లేదు కాబట్టి మామూలుగా కూలి కూడా ఉండదు. గూడూరు సబ్‌జైల్లో రిమాండులో కూర్చున్న మనిషి బిడ్డకు పలక కొనిపెట్టాలన్నా పెట్టలేడు.

1998 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. ఖైదీతో పని చేయించుకుంటే న్యాయమైన కూలి ఇచ్చి తీరాలంది. ఆ కూలిలో కొంత భాగం నేరం వల్ల నష్టపోయినవాళ్ళకు పక్కన పెట్టేలా రాష్ట్రాలు చట్టం చేయాలంది. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, చాలామంది పట్టించుకోలేదు. కఠిన శిక్ష లేని ఖైదీలు కూడా వాళ్ళంతట వాళ్ళు అడిగితే, జైలు అధికారులు పని ఇవ్వొచ్చు అని. అంటే విచారణ ఖైదీ "నాకు పని ఇయ్యండి, నా బిడ్డకు పంపుకుంటా" అని అడిగితే దారి మూసేసి లేదు. జైళ్ళ శాఖకు వర్క్‌షాపులున్నాయి, తోటలున్నాయి, పెట్రోలు బంకులున్నాయి. లేనిదల్లా అడిగే వీలు ఉందని లోపలి మనిషికి చెప్పే నోరు.

జైలు రసీదు కాదు

ఇప్పుడు దీనికి తిరగబడిన కథ చూద్దాం. మనోవర్తి కట్టనందుకే జైలుకు పోయేవాళ్ళు. ఆర్డరు ఉండి కట్టకపోతే మేజిస్ట్రేటు ముందు జరిమానా వసూలు చేసినట్టు ఆస్తి జప్తుకు వారెంటు ఇవ్వాలి. అప్పటికీ బాకీ మిగిలితే ఒక నెల దాకా, లేదా ఆ లోపల కట్టేసేదాకా జైల్లో పెట్టొచ్చు. ఒక నెల లోపలుండి వచ్చినోడు "శిక్ష అనుభవించా, బాకీ తీరిపోయింది" అని మీసం తిప్పుతాడు. తీరలేదు. జైలు అనేది వసూలు కోసం పెట్టే ఒత్తిడే గానీ బాకీ చెల్లినట్టు ఇచ్చే రసీదు కాదని కుల్‌దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు 1980ల ఆఖర్లోనే తేల్చేసింది.

ఉన్నోడి విషయంలో ఈ ఒత్తిడి పనిచేస్తుంది. పిల్లకాయల డబ్బులు బ్యాంకులో దాచుకున్నోడు జైలు తలుపు చూస్తే సాయంత్రానికి కట్టేస్తాడు. లేనోడి విషయంలో ఏమవుతుంది? నెల రోజులు వేట పోయింది, కూలి పోయింది, బయటికొచ్చేసరికి ఇంకో నెల బాకీ చేరింది. తల్లి చేతికి ఒక్క రూపాయి రాలేదు. బిడ్డకు అన్నం పెట్టించేదానికి వేసిన జైలు, అన్నం పెట్టే చేతినే కట్టేసింది.

ఇది మన ఒక్క దేశపు ముచ్చట కాదు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో మైకేల్ టర్నర్ అనే తండ్రికి బిడ్డ ఖర్చు కట్టనందుకు ఏడాది జైలు వేశారు. ఆయనకు కట్టే స్తోమత ఉందా లేదా అని తేల్చకుండానే వేసిన ఆ శిక్ష చెల్లదని 2011లో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 2016లో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇంకో నిబంధన తెచ్చింది. తండ్రి జైల్లో ఉండడాన్ని, కావాలని పని మానుకున్నట్టు లెక్క వేయకూడదు అని. ఎందుకంటే లోపల ఉన్నన్నాళ్ళూ బాకీ కొండలాగా పెరిగితే, బయటికొచ్చినోడు దొరక్కుండా పారిపోతాడే గానీ కట్టడు. పారిపోయిన నాయన పైసా పంపడు, పలకరించనూ పలకరించడు. మన చట్టంలో కూడా పరిస్థితి మారితే మనోవర్తి మొత్తాన్ని పెంచమనో తగ్గించమనో అడిగేందుకు 146వ సెక్షన్ ఉంది. లోపల ఉన్నోడికి ఆ సంగతి చెప్పేవాళ్ళు కావాల.

పొలం జైలుకు పోలేదు

దీన్ని పట్టుకుని "జైల్లో ఉన్నోళ్ళందర్నీ వదిలేయండి" అని నేను అనడంలేదు. ఈడ ఒక గీత గీయాల. లోపలికి పోయింది మనిషి. ఆయన పొలం జైలుకు పోలేదు. రొయ్యల గుంట పోలేదు. అద్దెకిచ్చిన ఇల్లు పోలేదు, వడ్డీకి తిప్పే డబ్బు పోలేదు. అట్టాంటి నాయన "నేను జైల్లో ఉండా, నా కాడ ఏముంది?" అంటే కోర్టు ఒప్పుకోకూడదు. తల్లులు కూడా ఒప్పుకోకూడదు. ఆస్తి జప్తు చేయించే దారి చట్టంలోనే ఉంది. ఒక్క జాగ్రత్త. బాకీపడిన తేదీ నుంచి ఏడాది లోపల వసూలుకు అర్జీ వేయాల. "బయటికి రానీ, అప్పుడు చూద్దాం" అని కూర్చుంటే గడువు దాటిపోతుంది.

స్తోమత ఉన్నోడి కాడ జప్తు చేయాల. లేనోడి కాడ ఆ లోటు ప్రభుత్వం పూడ్చాల. నా వాదన మొత్తం ఈ రెండు మాటలే. ఇప్పుడు నడుస్తున్నది దీనికి తలకిందులు. ఉన్నోడు లాయరును పెట్టుకుని తప్పించుకుంటాడు. లేనోడి ఇంట్లో పిల్లకాయలు బడి మాని గుంటల కాడికి పనికి పోతారు.

"నువ్వే గదా పెట్టిచ్చావు"

ఇంకో ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాల. మొగుడి దెబ్బలు తట్టుకోలేక కేసు పెట్టిన ఆడబిడ్డ ఇల్లు. మొగుడు లోపలికి పోయిన వారానికే అత్తింటోళ్ళు, పుట్టింటోళ్ళు, పెద్దమనుషులు అందరూ ఒకే మాట. "నువ్వే గదా పెట్టిచ్చావు, ఇప్పుడు నీ పిల్లకాయలకు ఎవురు పెడతారు?" పదిహేను రోజులు గడిచేసరికి బియ్యం డబ్బా అడుగు కనబడుతుంది. ఇరవై రోజులకు ఆమే పొయ్యి రాజీ కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. దీన్ని ఊళ్ళో కాపురం నిలబడింది అంటారు. నిలబడింది కాపురం కాదబ్బా, ఆకలి ఆమెను లొంగదీసింది.

బిడ్డ తిండికి వేరే దారి ఉంటే ఆ తల్లి సాక్ష్యం చెప్పేదాకా నిలబడగలదు. అందుకే ఇది ఖైదీల మీద జాలి కథ కాదు. నేరం జరిగిన ఇంట్లో న్యాయం నిలవాలన్నా పిల్లకాయల కడుపు నిండాల్సిందే.

లెక్కలో ఉన్న పిల్లలు, లెక్కలో లేని పిల్లలు

ఖైదీల పిల్లల గురించి దేశంలోనే పెద్ద తీర్పు మన రాష్ట్రం పేరు మీదే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 2006 ఏప్రిల్ 13. తల్లితో పాటు జైల్లో ఉండే బిడ్డలకు తిండి, బట్ట, వైద్యం, చదువు ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆరేళ్ళు నిండేదాకా బిడ్డ తల్లి కాడ ఉండొచ్చు. ఆ తర్వాత తల్లి కోరిన బంధువులకో, సంక్షేమ శాఖ హాస్టలుకో అప్పజెప్పాల. అక్కడున్న బిడ్డ వారానికి ఒకసారన్నా తల్లిని చూసేలా ఏర్పాటు ఉండాల. మంచి తీర్పు. కానీ అది ప్రధానంగా గోడకు లోపలున్న బిడ్డల గురించి.

2022 లెక్కల్లో జైళ్ళలో తల్లులతో ఉన్న పిల్లలు 1,764 మంది. వాళ్ళకు ఒక పట్టిక ఉంది, ఒక వరుస ఉంది. అయిదున్నర లక్షలు దాటిన ఖైదీల ఇళ్ళల్లో, గోడకు బయట మిగిలిన పిల్లకాయలు ఎందరు? ఆ లెక్క ఆ పుస్తకంలో లేదు. ప్రభుత్వం కోళ్ళను లెక్కపెడుతుంది, పడవలకు నంబర్లు వేస్తుంది. వీళ్ళను మాత్రం లెక్కపెట్టలేదు. లెక్కలో లేనోళ్ళకు బడ్జెట్టు ఎట్ట వస్తుంది?

పథకాలు లేవా అంటే ఉన్నాయి. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. కానీ బాలల న్యాయ చట్టం 45వ సెక్షన్‌లో ఈ సాయం ఎవరికి అని రాసిన వరుస చదవండి. తల్లి వితంతువైతే, విడాకులైతే, కుటుంబం వదిలేస్తే. అమ్మానాన్నా లేని బిడ్డ బంధువుల కాడ ఉంటే. తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బు ఉంటే, ప్రమాదంలో పనికిరాకుండా పోతే. ఆ వరుసలో జైలు అనే మాట లేదు. తల్లో తండ్రో సాకలేని స్థితిలో ఉన్నారని బాలల సంక్షేమ కమిటీ తేలిస్తే ఆ బిడ్డ సంరక్షణ అవసరమైన బిడ్డ అవుతుంది, ఆ దారిలో అడగొచ్చు. అడగాలంటే ముందు తెలియాల గదా. 2022లో వాకాడును నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. కాలనీలో ఉండే అవ్వ మనవడి చెయ్యి పట్టుకుని జిల్లా ఆఫీసుకు పోవాలంటే ఎన్ని బస్సులు మారాలో, ఎన్ని కూళ్ళు పోగొట్టుకోవాలో ఆలోచించండి.

మిగతా పథకాలు చూడండి. వేట నిషేధం రెండు నెలలకు ఇచ్చే 20,000 వేటకు పోయే మనిషి పేరు మీద వస్తుంది. ఆ మనిషే వేటలో లేకుంటే ఆ ఇంటికి ఆ దారి మూసుకున్నట్టే. తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది, బడికి పోతేనే పడుతుంది. ఏడాదికోసారి వచ్చే ఆ 13,000 బడి ఖర్చుకు సరే. రోజూ పొయ్యి మీదకు ఏది?

కరాచీ జైలైతే ఒకటి, చెముడుగుంట జైలైతే ఒకటా?

2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు పోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇంటికొచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 5 లక్షలు ఇచ్చింది. మీరంతా చూసిన "తండేల్" సినిమా ఆ కథ మీద కట్టిందే. ఆ సాయం ఇవ్వాల్సిందే, ఇచ్చారు, సంతోషం. వాళ్ళు చేసిన నేరమేమీ లేదు, సముద్రంలో గీత కనపడలేదు, అంతే.

నేను అడిగేది బిడ్డ వైపు నుంచి. నాయన కరాచీ జైల్లో ఉన్నా, చెముడుగుంటలోని నెల్లూరు సెంట్రల్ జైల్లో ఉన్నా బిడ్డ ఆకలిలో తేడా ఏమన్నా ఉందా? నాయన మంచోడా చెడ్డోడా అన్నది నాయన కేసు. దాన్ని కోర్టు తేలుస్తుంది. బిడ్డ కడుపుకు ఆ తీర్పుతో పనేంది?

"తప్పు చేసినోడి పెళ్ళాం బిడ్డలకు మా పన్ను డబ్బులా? వాడి చేతిలో నష్టపోయినోళ్ళ బిడ్డల సంగతేంది?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నష్టపోయిన ఇంటికి పరిహారం ముందు రావాల, అది కూడా ఇప్పుడు నత్త నడక నడుస్తోంది, దాని మీద కూడా కొట్లాడాల. కానీ ఒక బిడ్డను పస్తు పెడితే ఇంకో బిడ్డకు న్యాయం జరగదు. పస్తున్న పిల్లోడు పదమూడేళ్ళకు ఎవరి మూట మోస్తాడో మన ఊళ్ళల్లో మనకు తెలియంది కాదు.

ఏం అడగాల?

నాలుగు అడుగుదాం. ఒకటి, అరెస్టు మెమోలో ఒక గడి. అరెస్టు చేస్తే మెమో రాయాల, బంధువుకు చెప్పాల అని చట్టం అంటోంది. అదే కాగితంలో "ఇంట్లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలెందరు, ఇప్పుడు ఎవరు చూస్తారు?" అని ఒక్క గడి పెట్టి, ఆ కాగితం నకలు బాలల సంక్షేమ కమిటీకి పోయేలా చేస్తే చాలు. కొత్త ఆఫీసు అక్కరలేదు.

రెండు, స్పాన్సర్‌షిప్ వరుసలో "తల్లో తండ్రో జైల్లో ఉన్న బిడ్డ" అని తేటగా రాయాల. ఢిల్లీ ప్రభుత్వం ఇట్టాంటి పిల్లల కోసమే 2014లో ఒక పథకం పెట్టింది. కేరళలో ఖైదీల పిల్లల చదువుకు సాయం ఉంది. మనకెందుకు ఉండకూడదు?

మూడు, అడిగిన ప్రతి ఖైదీకీ, విచారణలో ఉన్నోడికి కూడా, పని, న్యాయమైన కూలి. అందులో బిడ్డల వాటా నేరుగా ఇంటి ఖాతాకు. మహారాష్ట్రలో యెరవాడ జైల్లో 2022 మేలో ఒక సహకార బ్యాంకు, ఖైదీల జైలు సంపాదనను చూసి 50,000 దాకా 7 శాతం వడ్డీకి అప్పు ఇవ్వడం మొదలుపెట్టింది, ఇంటి అవసరాలకని. లోపల ఉన్నోడు కూడా ఇంటికి పెద్దే అని ఒక బ్యాంకు ఒప్పుకుంది. మన ప్రభుత్వం ఒప్పుకోలేదా?

నాలుగు, బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉన్నోళ్ళను బయటికి తేవాల. 2023లో కేంద్రం పేద ఖైదీల సాయం పథకం పెట్టింది. పెట్టినప్పుడు విచారణ ఖైదీకి 40,000 దాకా, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి 25,000 దాకా ఇస్తామంది. ఒక మనిషిని నెల ముందు బయటికి తెస్తే ఒక ఇంటికి నెల కూలి వచ్చినట్టే.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోబళ్ళేదు. మీ చేతిలో ఫోనుంది. మీ కాలనీలో అట్టాంటి ఇల్లు ఉంటే 1098కి ఫోను చేసి బిడ్డ సంగతి చెప్పండి. 15100కి ఫోను చేస్తే న్యాయ సేవల వాళ్ళు పలుకుతారు. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్ళకు లాయరు ఉచితం, ఆదాయంతో పనిలేదు. మనోవర్తి కేసు వేస్తే మధ్యంతర మొత్తం కోసం కూడా అడగండి. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు దాన్ని తేల్చాలని చట్టంలోనే ఉంది. అర్జీ రాసేటప్పుడు నోటిమాటతో వదిలేయొద్దు. తేదీ వేసి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ నకలే రేపు మీ సాక్ష్యం.

అంతకన్నా ముందు ఒక పని ఉంది, దానికి చట్టం అక్కరలేదు. ఈసారి మీ ఊళ్ళో ఎవరినన్నా తీసుకుపోయినప్పుడు బెయిలు సంగతి పెద్దోళ్ళు మాట్లాడుకుంటారు. మీరు మాత్రం ఆ ఇంటికి పొయ్యి, పిల్లకాయలు ఎందరుండారో, ఏ బడికి పోతారో, ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళకు సరిపోతాయో అడగండి. అడిగింది కాగితం మీద రాయండి. ఆ లెక్క ప్రభుత్వం కాడ లేదు, ముందు మన కాడన్నా ఉండాల.